బావగారు చెప్పిన విద్య

ఐస్ ఫ్యాక్టరీ మేడ మీది గది,
జనవరి 9

బావగారికి,

నేను క్షేమం. మీరూ అక్కా కులాసా అని తలుస్తాను. పోయిన నెల మీ ఇంటికి వచ్చినప్పుడు అడగబోతే, "నోటితో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావు, ఉత్తరం రాయి, ఉత్తరంలోనే చెప్తాను" అన్నారు. అందుకని రాస్తున్నాను. అక్కా, చదివి వినిపించేది నువ్వే కదా, నా కోడిగీతలు చూసి తిట్టుకోకు.

విషయం ఏమిటంటే, నాకు కొట్టడం నేర్చుకోవాలని ఉంది. నవ్వకండి. మా లోడింగ్ దగ్గర ఒకడున్నాడు, అందరూ గొడ్డలి అని పిలుస్తారు. ఐస్ దిమ్మను లారీలోకి లాగేటప్పుడు కావాలని ఇనుప కొక్కెం నా వేళ్ళ పక్కనే దించుతాడు. నేను ఉలిక్కిపడితే చుట్టూ ఉన్నవాళ్ళకి వినోదం. మొన్న ఉండబట్టలేక మీదికి వెళ్ళాను. రెండు చేతులూ తిప్పాను కానీ ఒక్క దెబ్బా తగల్లేదు. "ఈగలు తోలుతున్నావా?" అన్నాడు వాడు. ఇప్పుడు అందరూ నన్ను ఈగలోడు అంటున్నారు.

ఇక్కడ నాకు అందుబాటులో మూడున్నాయి. రైలు కట్ట పక్కన బాక్సింగ్ క్లబ్బు, స్కూలు హాల్లో కరాటే, టైర్ల షాపు మేడ మీద కిక్ బాక్సింగ్. కుస్తీ నేర్పేవాళ్ళూ ఉన్నారు గానీ నాకు పట్టుకోవడం వద్దు, కొట్టడమే కావాలి. వారానికి మూడు సాయంత్రాలే ఖాళీ కాబట్టి ఒక్కటే ఎంచుకోవాలి. చేతి దెబ్బ సూటిగా, గట్టిగా పడాలంటే వీటిలో ఏది మంచిది? మీరు పదేళ్ళు రింగులో ఉన్నవారు. మీకంటే తెలిసినవాళ్ళు నాకెవరూ లేరు.

అక్క పెదవి మీద పుండు తగ్గిందా?

మీ బావమరిది

*

క్లబ్బు వెనక ఇల్లు,
జనవరి 20

ఏరా ఈగలోడా,

పేరు బాగా కుదిరింది. ఎవడు పెట్టాడో గానీ వాడికి నా తరఫున దండం పెట్టు.

ముందే చెప్తున్నాను, ఇది మీ అక్క చేత రాయిస్తున్నాను. రింగు నా కళ్ళు తినేసింది. మనుషులు కనిపిస్తారు, అక్షరాలు కనిపించవు. మీ అక్కతో ఒక సుఖం ఉంది. దానికి గుద్దుకీ గుమ్మానికీ తేడా తెలియదు. చెప్పింది చెప్పినట్టు రాస్తుంది. పెన్నుకి బుర్ర ఉండకూడదు, ఉంటే మధ్యలో దూరి ఏదో ఒకటి కలుపుతుంది.

ఇక నీ సంగతి. కిక్ బాక్సింగ్ అంటావా, నీ కాళ్ళు నేను చూశాను. రోడ్డు దాటాలంటేనే ఒకదాన్నొకటి సలహా అడుగుతాయి. ఇంకొకణ్ణి తన్నేలోపు అవతలివాడు ఇంటికెళ్ళి భోంచేసి వస్తాడు. బాక్సింగ్ నీ వంటికి సరిపడదు. నీ ముక్కుకి ఒక్కటి తగిలితే పరుపు మీదికి చేరి నెల రోజులు లేవవు. అది మగాళ్ళ ఆట. కరాటేలో చేరు. పిడికిలి సూటిగా పోవడం, నడుము తిప్పడం, ఊపిరి బిగపట్టడం అక్కడ ఒద్దికగా నేర్పుతారు. చేతి దెబ్బకి అది చాలు. వేరే దాని వంక చూడకు.

ఏం నేర్చుకున్నావో నెలకోసారి రాయి. తప్పులుంటే దిద్దుతాను. నువ్వు మనిషివి అవుతావన్న ఆశ నాకు లేదు, కాలక్షేపం అవుతుందని ఒప్పుకున్నాను.

పుండు తగ్గింది. నోరు జారితే పెదవే కదా తినాలి. మీ ఇంట్లో ఆ మాత్రం నేర్పి పంపితే నాకీ శ్రమ తప్పేది.

నీ బావ

*

ఐస్ ఫ్యాక్టరీ మేడ మీది గది,
మార్చి 6

బావగారికి,

మీరు చెప్పినట్టే కరాటేలో చేరి నెల దాటింది. మాస్టారు సన్నగా ఉంటారు, పగలంతా ఎక్కడో లెక్కల టీచరు. కోపం రాదు, గొంతు పెంచరు. తప్పు చేస్తే దగ్గరికొచ్చి మోచెయ్యి రెండు వేళ్ళతో సర్ది వెళ్ళిపోతారు.

నా కష్టం ఒకటుంది. ఇక్కడ పిడికిలి ఎంత వేగంగా విసిరినా అవతలివాడి ముఖానికి వేలెడు దూరంలో ఆపాలి. ఆపితే పాయింటు. తగిలితే తప్పు. గట్టిగా తగిలితే పోటీ నుంచే పంపేస్తారు. క్లాసున్న ప్రతి సాయంత్రం ఇద్దరిద్దరం ఎదురెదురుగా నిలబడి రెండొందల సార్లు కొడతాం, రెండొందల సార్లు ఆపుతాం. మొదట్లో నా చెయ్యి ఆగేది కాదు. ఒకతనికి చిగురు చిట్లితే మాస్టారు నన్ను వారం రోజులు గోడ ముందు నిలబెట్టి, గోడకి తగలకుండా కొట్టమన్నారు. ఇప్పుడు ఆగుతోంది. నేను ఆపడం లేదు, దానంతటదే ఆగుతోంది.

ఇది కొట్టడం నేర్పడమా, ఆపడం నేర్పడమా? టైర్ల షాపు మేడ మీదివాళ్ళు బ్యాగులు దబదబా గుద్దుతుంటే కింద రోడ్డు మీదికి వినిపిస్తుంది. నాకు మనసు అటు లాగుతోంది. మారిపోనా?

ఇంకో మాట, తప్పుగా అనుకోకండి. మీ ఉత్తరంలో తిట్లు రెండు పేజీలు, పాఠం నాలుగు వాక్యాలు. కొంచెం పాఠం పెంచుతారా? ఎక్కడ కొడితే మనిషి పడతాడు, అడుగు ఎలా వెయ్యాలి, ఇలాంటివి.

గొడ్డలి మొన్న పని మానేసి వెళ్ళిపోయాడు. నేను మాత్రం క్లాసు మానను.

మీ బావమరిది

*

క్లబ్బు వెనక ఇల్లు,
ఏప్రిల్ 2

ఏరా,

మారావంటే నా గుమ్మం తొక్కకు. నెల రోజులకే ఇది కాదు అది అనేవాడు పెళ్ళాన్ని కూడా అలాగే మార్చుకుంటాడు. ఆపడం వచ్చినవాడి చెయ్యే వాడి మాట వింటుంది. నీ మాస్టారు ఎవరో గానీ తెలివైనవాడు. నోరు మూసుకుని ఆయన చెప్పింది చెయ్యి.

పాఠం కావాలా? నీ బుర్రకి నాలుగు వాక్యాలే ఎక్కువ. ఒక గ్లాసులో బిందెడు పోస్తే కిందే పోతుంది.

చేతులు పొట్టిగా ఉన్నవాళ్ళ సంగతి అడిగావు. పొట్టి చేతులవాడు దూరం నుంచి కొట్టకూడదు. లోపలికి రావాలి. అవతలివాడి చొక్కా గుండీ ముక్కుకి తగిలేంత దగ్గరికి రావాలి. అక్కడ పొడుగు చేతులు పనికిరావు.

రాత వంకరగా ఉందని నవ్వుకోకు. మీ అక్క మణికట్టు వాచింది. తలుపు దగ్గర పడింది. ఎలా పడిందని అడుగుతావేమో, నేను పక్కనే ఉన్నాను, చాలా బాగా పడింది. మూడు రోజులు రాయలేనని సాకులు చెప్పింది. నాలుగో రోజు ఆ చేత్తోనే రాస్తోంది. చూశావా, మనిషికి చెయ్యగల శక్తి ఉంటుంది, చెయ్యాలన్న బుద్ధే ఉండదు. ఆ బుద్ధి పుట్టించడానికే నాలాంటివాళ్ళు.

నీ బావ

*

ఐస్ ఫ్యాక్టరీ మేడ మీది గది,
మే 18

బావా,

అక్క తలుపు దగ్గర పడిందని రాశారు. ఆ తలుపు నాకు తెలుసు. దానికి గడప కూడా లేదు.

పొట్టి చేతుల సంగతి నేనెప్పుడూ అడగలేదు. నేను ఆరడుగుల మనిషిని. ఇంకెవరి ప్రశ్నకో నాకు జవాబు రాసినట్టున్నారు.

క్లాసు మారలేదు. పోయిన ఆదివారం పోటీ పెట్టారు. ఐదుగురితో తలపడ్డాను. ఎవరినీ తాకకుండా, ఒక్క తప్పు కూడా పడకుండా గెలిచాను. మాస్టారు అందరి ముందూ నా భుజం తట్టారు. నా పిడికిలి ముక్కు ముందుకొచ్చి నిలిస్తే ఎదుటివాడికి రెప్ప వెయ్యడానికి కూడా టైము ఉండటం లేదు. ఆ చివరి వేలెడు దూరం దాటడం పెద్ద పనేం కాదని నాకు అనిపిస్తోంది.

జూన్ రెండో ఆదివారం వస్తున్నాను. నేర్చుకున్నది మీకు చూపించాలి. అక్కను ఇంట్లోనే ఉండమనండి.

బావమరిది

*

క్లబ్బు వెనక ఇల్లు,
జూన్ 19

ఏరా, లేచి కూర్చున్నావా?

ఆస్పత్రి మంచం మెత్తగా ఉందా? మా క్లబ్బువాళ్ళు నిన్ను బండిలో వేసుకుని వెళ్తుంటే, నీ ఒక కాలు బయటికి వేలాడుతోందట. నేను సరిగా చూడలేకపోయాను, వాళ్ళు చెబితే నవ్వుకున్నాను.

ఏం రాక అది! గుమ్మంలో అడుగు పెట్టగానే "అక్కా, బట్టలు సర్దుకో" అన్నావు. మంచినీళ్ళు కూడా తాగలేదు. ఐదు నెలల నుంచి గొడ్డలి, గొడ్డలి అని రాశావు, చివరికి ఆ గొడ్డలిని నేనన్నమాట. బాగుంది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నిజం చెప్పనా? నీ చెయ్యి రావడం నాకు కనిపించలేదు. గాలి తగిలింది ముక్కుకి. అంత వేగం నీలో ఉందనుకోలేదు. కళ్ళు మూసుకున్నాను కూడా, దెబ్బ పడుతుందని. పడలేదు. తెరిచి చూస్తే నీ పిడికిలి నా ముక్కు ముందే ఉంది, ఏదో ఇమ్మని అడుగుతున్నట్టు.

తరువాత నా చెయ్యి వచ్చింది. అది ఆగలేదు. రెండోదీ ఆగలేదు. మూడోది నువ్వు కిందపడ్డాక వేసింది, అది అవసరం లేదని నాకూ తెలుసు, సరదాకి వేశాను.

చెయ్యి ఎందుకు ఆగిందో తెలుసా? భయంరా. విద్య నేర్పొచ్చు, గుండెకాయ నేర్పలేం. అది నీకు పుట్టుకతో లేదు. మీ అక్కకీ లేదు. మీ వంశంలో ఎవరికీ ఉన్నట్టు లేదు.

ఇదంతా మీ అక్కే రాస్తోంది. ఏడుస్తోందో లేదో నాకు కనిపించదు కాబట్టి, కాగితం తడిసి ఉంటే నువ్వే చెప్పు. మధ్యలో ఒకసారి పెన్ను ఆగింది. మొదటి నుంచి మళ్ళీ రాయించాను. ఇది రెండో ప్రతి.

మళ్ళీ వస్తానంటే రా. తలుపు తీసే ఉంటుంది.

నీ బావ

*

ఐస్ ఫ్యాక్టరీ మేడ మీది గది,
జూలై 11

అక్కా,

ఇది నువ్వు పనిచేసే కుట్టు షెడ్డు అడ్రసుకి పంపుతున్నాను. నువ్వొక్కదానివే చదువుకో, ఆయనకి వినిపించకు.

నా ఎడమ చెవి పోయింది. డాక్టరు రెండు సార్లు చూసి, ఇక తిరిగి రాదన్నాడు. ఫ్యాక్టరీలో లారీ వెనక్కి వస్తుంటే వినపడక నిన్న చక్రం కిందికి పోబోయాను. లోడింగ్ నుంచి తీసేసి లోపల గదిలో వేశారు. అక్కడ పగలంతా చలి.

దానికి బాధ లేదు అక్కా. నా బాధంతా ఆ వేలెడు దూరం గురించే. ఆయన కళ్ళు మూసుకున్నాడు, నేను చూశాను. ఇంకొంచెం ముందుకి వెళ్ళి ఉంటే చాలు. నేను ఆపలేదు, ఒట్టు. వెళ్ళమని చెప్పాను, చెయ్యి వెళ్ళలేదు. నాలుగు నెలలు క్లాసుకి రెండొందల సార్లు అక్కడే ఆగింది, ఆ రోజు కూడా అక్కడే ఆగింది. భయం కాదు. నువ్వైనా నమ్ము.

ఇప్పుడు అర్థమైంది. ఆయన ముందే అంతా పసిగట్టాడు. ఎవరి మీదికి నేర్చుకుంటున్నానో తెలిసే, తగలని విద్య వెతికి నాకు అంటగట్టాడు. మారతానంటే మారనివ్వలేదు. నేను ఆయన రాసినవన్నీ మంచం పక్కన గోడకి అంటించుకుని చదివాను. ఎంత వెర్రివాణ్ణి!

నువ్వు వచ్చెయ్యి అక్కా. కింది అంతస్తులో ఒక గది ఖాళీ అవుతోంది, అడిగి పెట్టాను. ప్యాకింగ్‌లో ఆడవాళ్ళకి పని ఉంది. ఆయన క్లబ్బుకి వెళ్ళినప్పుడు బయలుదేరి వచ్చెయ్యి, బట్టలు కూడా అక్కర్లేదు. నేను చెయ్యాల్సింది చెయ్యలేకపోయాను. నన్ను క్షమించు.

తమ్ముడు

*

కుట్టు షెడ్డు, మధ్యాహ్నం విరామం,
ఆగస్టు 2

తమ్ముడూ,

ఇన్నాళ్ళూ నా రాతే చూశావు. ఇవి నా మాటలు.

నీకు తప్పు విద్య చెప్పింది ఆయన కాదు. ఆయనకు నీ మీద అనుమానమే లేదు. నీ మొదటి ఉత్తరం చదివి వినిపించగానే ఒక్క క్షణం ఆలోచించకుండా "బాక్సింగ్" అన్నాడు. "చేతి దెబ్బకి దాన్ని మించింది లేదు, మిగతావాటి వంక చూడొద్దని రాయి" అన్నాడు. నేను కరాటే అని రాశాను. మా షెడ్డులో కుట్టే బ్యాగులూ గ్లవ్సులూ అన్ని క్లబ్బులకీ వెళ్తాయి, ముఖం ముందు ఆపడమే కరాటేవాళ్ళ పోటీ అని నాకు ముందే తెలుసు. ఆయన తిట్లన్నీ ఉంచాను, అవి లేకపోతే ఆయన ఉత్తరమని నువ్వు నమ్మవు. పాఠాలు తీసేశాను.

మొదట్లో నీ మేలు కోరే చేశాననుకున్నాను. నువ్వు కొడితే జైలుకి పోతావు, నాకున్నది నువ్వొక్కడివే అని. రెండు నెలలు ఆ మాటే నాకు నేను చెప్పుకున్నాను. తర్వాత తెలిసింది, అది కాదు. ఆ దెబ్బ నాకు కావాలి. నువ్వు కొట్టేస్తే నాకేం మిగులుతుంది?

నీ ఉత్తరాలు ఉన్నదున్నట్టు ఎప్పుడూ చదవలేదు. తలుపు గురించీ, నీ రాక గురించీ రాసింది మింగేశాను. నువ్వు అడగనివి నీ పేరు మీద అడిగాను. పొట్టి చేతులవాడు ఎలా కొట్టాలి, బలం లేనివాడు ఎక్కడ కొట్టాలి, ఎదుటివాడు కొట్టబోతున్నాడని ముందు ఎక్కడ తెలుస్తుంది. పొట్టి చేతుల జవాబు ఒక్కటి పొరపాటున నీ కాగితంలోకి వెళ్ళిపోయింది, వాచిన చేత్తో రాస్తూ గమనించలేదు. ఆయనకి ఎంత సంతోషమో, ఎవరో తనను ఇంతగా అడుగుతున్నారని. నోటితో చెబితే నాకు అర్థం కావడం లేదని నన్ను గది మధ్యలో నిలబెట్టేవాడు. తన కాలితో నా మడమ తిప్పేవాడు, నడుము పట్టుకుని తిప్పేవాడు, గడ్డం దించేవాడు. "ఇదిగో, ఇలా అని రాయి వాడికి" అనేవాడు. నేను తల ఊపి నీకు తిట్లు రాసేదాన్ని. షెడ్డులో కుట్టిన ప్రతి బ్యాగునీ లోపల బోలు ఉందేమో గుద్ది చూసి పంపాలి. రోజుకి ముప్పై బ్యాగులు. మిగతావాళ్ళు అరచేత్తో తట్టి పంపేవాళ్ళు, నేను గుద్దేదాన్ని.

నువ్వు వచ్చిన ఆదివారం నేను వంటగది గుమ్మంలో ఉన్నాను. నీ చెయ్యి ఆగుతుందని నాకు తెలుసు. ఒక్క కేక వేసి ఉంటే నువ్వు వెనక్కి తగ్గేవాడివి. వెయ్యలేదు. ఆయన కుడి చేత్తో కొట్టాక ఎడమ చెయ్యి కిందికి ఎంత జారుతుందో, ఎంతసేపు అక్కడే ఉంటుందో నేను చూడాలి. నన్ను కొడుతున్నప్పుడు అది నాకు కనిపించదు. నిన్ను కొడుతున్నప్పుడు చూశాను. మొదటిసారి సరిగా పట్టుకోలేకపోయాను, రెండోసారి చూశాను, నువ్వు కిందపడ్డాక మూడోసారి నిదానంగా చూశాను. నీ చెవి అందుకు పోయింది.

నీ ఉత్తరం వచ్చిన మరుసటి రోజు పొద్దున్నే, చొక్కాకి గుండీ కుట్టలేదని చెయ్యెత్తాడు. ఆయన కుడి చెయ్యి నా చెంప పక్క నుంచి పోయింది. ఎడమ చెయ్యి జారింది. లోపలికి వెళ్ళాను. మడమ తిప్పాను, నడుము తిప్పాను, చెవి కింద దవడ మూలకి వేశాను. చెయ్యి తగిలినప్పుడు వచ్చిన చప్పుడు బ్యాగుకి రాదు. దవడ రెండు చోట్ల విరిగింది. పళ్ళు కదలకుండా తీగలతో కట్టారు, ఆరు వారాలు. "మెట్ల మీద పడ్డారా?" అని డాక్టరు అడిగితే ఆయన నా వంక చూసి తల ఊపాడు.

ఇక్కడితో అయిపోయి ఉంటే నీకు సంతోషంగా రాసేదాన్ని. పోయిన గురువారం సూపు ఇస్తుంటే గ్లాసు అందుకోవడం ఆలస్యం చేశాడు. పక్కటెముకల కింద కొట్టాను. ఆయనేం చెయ్యలేదు, కనీసం నన్ను చూడను కూడా లేదు. తీగలు ఊడితే మళ్ళీ ఆస్పత్రికి తిప్పాలి కాబట్టి దవడ జోలికి పోలేదు. శుక్రవారం గ్లాసు వెంటనే అందుకున్నాడు. అయినా కొట్టాను. ఇప్పుడు నేను జుట్టు ముడేసుకోవడానికి చేతులెత్తితే ఆయన తల పక్కకి వంచుతాడు. అది చూస్తే నాకు బాగా ఆకలి వేస్తుంది. ఎన్నో ఏళ్ళ తర్వాత కడుపు నిండా తింటున్నాను.

నీ చెవి గురించి నన్ను క్షమించమని అడగను. అడిగితే నువ్వు క్షమించేస్తావు, దాంతో నాకేం పని?

గది ఇంకెవరికైనా ఇచ్చెయ్యమను. నువ్వు మాత్రం ఇటు రావద్దు. ఆయన్ని చూస్తే నీకు జాలి కలుగుతుంది, నువ్వు అలాంటివాడివే. నీ వెంట తీసుకెళ్తానంటావు. నేను పంపను.

అక్క